కైలాసగిరి మీద గ్రూపుతో హిల్ ట్రైనింగ్: వేగాలు వేరైనప్పుడు అందరం కలిసి ఎలా చేయాలి?

ప్రశ్న (లాసన్స్ బే కాలనీ నుంచి)

అందరికీ నమస్కారం. ఆర్కే బీచ్ దగ్గర తెల్లవారుజామున పరుగెత్తే ఒక రన్నింగ్ గ్రూపులో నేను సభ్యురాలిని. నా వయసు నలభై దాటింది. బీచ్ రోడ్డు మీద కిలోమీటరుకు 7 నిమిషాల చొప్పున 10 కిలోమీటర్లు, పక్కవారితో మాట్లాడుతూనే, పూర్తి చేయగలుగుతున్నాను. చలికాలంలో జరిగే వైజాగ్ నేవీ మారథాన్‌లో 21.1 కిలోమీటర్ల పరుగుకు సిద్ధం కావాలన్నది నా కోరిక.

మా గ్రూపు ఈ మధ్యనే ప్రతి ఆదివారం కైలాసగిరి ఘాట్ రోడ్డు మీద హిల్ ట్రైనింగ్ మొదలుపెట్టింది. అందరూ కింద ఒకేసారి బయలుదేరి ఆగకుండా పైదాకా పరుగెత్తాలి, పైన అందరూ కలిశాక ఒకేసారి కిందికి దిగాలి. ఇదీ పద్ధతి. వేగంగా పరుగెత్తేవారు ముందే చేరుకుని, ఒళ్లు చల్లబడేదాకా మా కోసం ఎదురుచూస్తారు. మేము చేరేసరికి వారు దిగడానికి సిద్ధంగా ఉంటారు కాబట్టి, వెనకబడిన మాకు ఊపిరి సర్దుకునే వ్యవధి కూడా దొరకదు. ఎవరినీ తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మమ్మల్ని వదిలి వెళ్లకుండా ఆగడం వారి మంచితనమే. అయితే ఈ పద్ధతిలో అటు వారికీ ఇటు మాకూ పూర్తి ప్రయోజనం కలగడం లేదని నాకు అనిపిస్తోంది.

ఇంకొక సంగతి. ఎక్కేటప్పుడు ఆయాసం తప్ప నొప్పి ఉండదు. దిగిన మర్నాడు మాత్రం తొడల ముందు భాగం పట్టేసి, రెండు రోజులపాటు మెట్లు దిగడమే కష్టమవుతోంది. ఒకటి రెండు సార్లు మోకాలి చిప్ప చుట్టూ కూడా నొప్పి అనిపించింది. పరుగు పందెం ఎలాగూ సముద్రం ఒడ్డున ఉన్న రోడ్డు మీదే కదా, అలాంటప్పుడు ఈ కొండ నాకు అవసరమా? అవసరమైతే గ్రూపులో అందరం కలిసి ఉంటూనే ఎవరి శక్తికి తగినట్టు వారు చేసుకునే మార్గం ఏదైనా ఉందా? గ్రూపును వదిలి ఒంటరిగా చేసుకోవడం నాకు ఇష్టం లేదు. చీకటి వేళలో ఘాట్ రోడ్డు మీద ఒంటరిగా వెళ్లడం మంచిది కాదని ఇంట్లో వారు కూడా అంటున్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం 1 (ఒక రన్నింగ్ గ్రూపు నిర్వాహకుడు, ఎంవీపీ కాలనీ)

నమస్కారమండీ. మీరు చెప్పిన ఇబ్బందికి కారణం మీ వేగం కాదు, మీ గ్రూపు ఎంచుకున్న కొలత. దూరాన్ని కొలతగా పెట్టుకున్నంతకాలం, అంటే ‘పైదాకా పరుగెత్తాలి’ అన్నంతకాలం, కొండ మీద గ్రూపు చెదరక తప్పదు. చదును మీద ఇద్దరి మధ్య కిలోమీటరుకు ఒక నిమిషం తేడా ఉంటే, ఎత్తు మీద అది ఒకటిన్నర నిమిషానికి దగ్గరవుతుంది. కాలాన్ని కొలతగా పెట్టుకుంటే ఈ ఇబ్బంది చాలావరకు తీరిపోతుంది.

మా గ్రూపులో మేము అనుసరించే పద్ధతి చెబుతాను. ముందుగా చదును మీద పదిహేను, ఇరవై నిమిషాలు తేలికగా పరుగెత్తి ఒళ్లు వేడెక్కిస్తాం. ఆ తరువాత ఘాట్ రోడ్డులో మలుపులు లేని, ఎదురుగా వచ్చే వాహనం దూరం నుంచే కనిపించే ఒక వాలును ఎంచుకుంటాం. వంద మీటర్ల దూరానికి ఐదు నుంచి ఏడు మీటర్ల ఎత్తు పెరిగే వాలు ఇందుకు సరిపోతుంది. కింద ఒక గీత దగ్గర అందరూ నిలబడతారు, ఒకరి చేతిలో ఈల ఉంటుంది. మొదటి ఈలకు అందరూ ఎగువకు బయలుదేరుతారు. 60 సెకన్ల తరువాత రెండో ఈల వినిపించగానే ఎవరు ఎక్కడ ఉంటే అక్కడే వెనక్కి తిరిగి, నడుస్తూ గీత దగ్గరకు దిగివస్తారు. వేగంగా వెళ్లినవారు ఎక్కువ దూరం దిగిరావాలి, నెమ్మదిగా వెళ్లినవారు తక్కువ దూరం. రెండున్నర నిమిషాల తరువాత మళ్లీ ఈల. ఎవరూ ఎవరి కోసమూ ఎదురుచూడరు, అయినా ప్రతిసారీ అందరూ ఒకే గీత మీద నుంచి బయలుదేరుతారు. వేగం ఉన్నవారికి దిగడంలోనే ఎక్కువ సమయం గడిచిపోతుంది కాబట్టి గీత దగ్గర విశ్రాంతి తక్కువగానూ, కొత్తవారికి ఎక్కువగానూ దొరుకుతుంది. అదే న్యాయం కూడా.

మొదటి వారాల్లో ఇలా ఆరుసార్లు చేస్తే చాలు. శరీరం అలవాటు పడిన కొద్దీ ఎనిమిదికీ, పదికీ పెంచుకోవచ్చు. ఇందులో మరొక చిన్న నియమం ఉంది, దాన్ని నేను చాలా ముఖ్యంగా భావిస్తాను. మొదటిసారి రెండో ఈల వినిపించినప్పుడు మీరు ఏ కరెంటు స్తంభం దగ్గర, ఏ చెట్టు దగ్గర ఉన్నారో గుర్తుపెట్టుకోండి. చివరిసారి కూడా అక్కడికే చేరాలి. చివరిసారి అంతకు చాలా కిందనే ఆగిపోతే, మొదట్లో శక్తికి మించి వెళ్లారన్నమాట. గ్రూపులో ముందున్న వారిని చూసి మొదటి ఎత్తునే ప్రాణం పెట్టి పరుగెత్తే అలవాటు కొత్తవారిలో కనిపిస్తుంది. ఈ గుర్తు పెట్టుకున్నవారు పక్కవారితో పోల్చుకోవడం మానేసి తమ స్తంభంతోనే పోటీపడతారు.

ఇక వేగం గురించి. కొండ మీద చేతి గడియారంలో కనిపించే పేస్‌ను, అంటే కిలోమీటరుకు పట్టే సమయాన్ని, పట్టించుకోవద్దు. వ్యాయామ శాస్త్రంలో ప్రసిద్ధమైన ఒక సమీకరణం ప్రకారం లెక్కవేస్తే, చదును మీద కిలోమీటరుకు 7 నిమిషాలకు వెళ్లేటప్పుడు పడే శ్రమతోనే 5 శాతం వాలు ఎక్కాలంటే వేగం కిలోమీటరుకు సుమారు 8 నిమిషాల 35 సెకన్లకు, 10 శాతం వాలు మీద 10 నిమిషాల 10 సెకన్లకు తగ్గాలి. అంటే నిటారుగా ఉన్న చోట మీ తేలిక పరుగు గంటకు ఆరు కిలోమీటర్ల నడకతో సమానమవుతుంది. ఆ వాలు మీద ఆ వేగంలో పరుగుకూ చురుకైన నడకకూ శ్రమలో దాదాపు తేడా ఉండదు. కాబట్టి పైదాకా వెళ్లే రోజున నిటారు మలుపు దగ్గర చేతులు బలంగా ఊపుతూ నడిచినందువల్ల మీ శిక్షణకు ఏ లోటూ రాదు. గుండె వేగం చూపే గడియారాలను కూడా ఈ చిన్న చిన్న ఎత్తుల మీద నమ్మలేం, ఎందుకంటే శ్రమ పెరిగిన చాలాసేపటికి గానీ గుండె వేగం పూర్తిగా పెరగదు. 60 సెకన్ల పరుగులో అది పైకి చేరేసరికి ఈల వినిపిస్తుంది. మీ ఊపిరే మీకు కొలత. రెండు మూడు మాటలకు మించి మాట్లాడలేనంత ఆయాసం ఉండాలి, కానీ భంగిమ చెడిపోకూడదు. నడుము దగ్గర వంగిపోకుండా మొత్తం శరీరం కొద్దిగా ముందుకు వాలాలి, చూపు పాదాల మీద కాకుండా కొన్ని అడుగుల ముందుండాలి, అడుగులు పొట్టిగా ఉండాలి.

సముద్రం ఒడ్డున పరుగుకు కొండ ఎందుకని అడిగారు. మొదటిది, మన బీచ్ రోడ్డు మీరు అనుకున్నంత చదును కాదు. తెన్నేటి పార్కు దాటాక కైలాసగిరి పాదం వెంట రోడ్డు ఎత్తెక్కుతుంది, ఋషికొండ వైపు కూడా ఎత్తుపల్లాలు ఉన్నాయి. ఆర్కే బీచ్ నుంచి పార్కు దాకా మాత్రమే పరుగెత్తేవారికి ఆ సంగతి తెలియదు. రెండవది, ఎత్తు మీద పరుగు పిరుదులకూ పిక్కలకూ బలాన్ని ఇస్తుంది. ప్రతి అడుగులో శరీర బరువును పైకి ఎత్తాలి కాబట్టి కండరాలకు మంచి పని పడుతుంది, వేగం తక్కువ కాబట్టి పాదం నేలను తాకే అదురు చదును మీద వేగంగా పరుగెత్తినప్పటి కంటే తక్కువగా ఉంటుంది.

న్యూజిలాండ్‌కు చెందిన ప్రసిద్ధ శిక్షకుడు ఆర్థర్ లిడియార్డ్ తన శిష్యులను నెలల తరబడి దూరాలు పరుగెత్తించి, ఆ తరువాత కొన్ని వారాలపాటు కొండ వాలుల మీద సాధన చేయించి, చివరికి గానీ ట్రాక్ మీద వేగపు శిక్షణకు తీసుకువెళ్లేవాడు కాదు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన శిష్యులిద్దరు, పీటర్ స్నెల్ 800 మీటర్లలోనూ, ముర్రే హాల్బర్గ్ 5000 మీటర్లలోనూ, ఒకే రోజున స్వర్ణాలు గెలిచారు. 800 మీటర్ల పరుగు సమతలమైన ట్రాక్ మీద రెండు చుట్లు మాత్రమే. అలాంటి పరుగుకు కూడా ఆయన కొండను వదలలేదు. అయితే ఆ వరుసను కూడా గమనించండి. దూరం మొదట, కొండ తరువాత. మీ గ్రూపులో వారానికి రెండు రోజులైనా క్రమంగా పరుగెత్తనివారిని నేరుగా ఆదివారం కొండకు తీసుకువస్తున్నట్లయితే దయచేసి ఆ అలవాటు మాన్పించండి.

పైదాకా వెళ్లడం అందరికీ సరదా కాబట్టి దాన్ని పూర్తిగా మానమని నేను చెప్పను. మూడు వారాలకు ఒకసారి పెట్టుకోండి. ఆ రోజున కూడా కాలమే కొలత. అందరూ పదిహేను నిమిషాలు ఎక్కి, ఎక్కడున్నవారు అక్కడే తిరగాలి. లేదా నెమ్మదిగా వెళ్లేవారు ముందు బయలుదేరి, వేగంగా వెళ్లేవారు కొన్ని నిమిషాల తరువాత బయలుదేరితే అందరూ ఇంచుమించు ఒకేసారి పైకి చేరుతారు. రెండూ మేము చేసి చూశాం. రెండవ పద్ధతిలో వెనక నుంచి ఎవరో అందుకుంటారనే తొందరలో కొత్తవారు మళ్లీ శక్తికి మించి పరుగెత్తుతున్నారు కాబట్టి నాకు మొదటిదే నచ్చింది.

సమాధానం 2 (ఫిజియోథెరపిస్ట్, సీతమ్మధార)

పై సమాధానంలోని ఈల పద్ధతి చాలా బాగుంది. అయితే ఎప్పుడూ నడిచే దిగాలన్నట్టుగా అర్థమయ్యే భాగం విషయంలో నేను కొంత విభేదిస్తాను. మొదటి నాలుగైదు వారాలకు అది సరైనదే. ఆ తరువాత కూడా దిగే పరుగును పూర్తిగా పక్కన పెడితే, పందెం రోజున ఎత్తు దిగవలసి వచ్చినప్పుడు మీ తొడలు దానికి సిద్ధంగా ఉండవు. మీరు వర్ణించిన నొప్పికి కారణం కూడా ఇక్కడే ఉంది.

ఎక్కేటప్పుడు కండరం కుదించుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బరువును ఆపవలసి ఉంటుంది. బరువు కింద సాగుతూ పనిచేయడం వల్ల కండరపు పోగుల్లో అతి సూక్ష్మమైన చీలికలు ఏర్పడతాయి. ఆ నొప్పి వెంటనే తెలియదు, మర్నాడు మొదలై రెండో, మూడో రోజుకు ఎక్కువవుతుంది, ఆ తరువాత దానంతట అదే తగ్గిపోతుంది. ఊపిరికి శ్రమ లేకుండానే కాళ్లు దెబ్బతినడం ఈ పనిలోని విచిత్రం. దిగేటప్పుడు ఆయాసం ఉండదు కాబట్టి ఎంత పని చేస్తున్నామో మనకు తెలియదు, అందుకే అందరూ అవసరానికి మించి వేగంగా దిగుతారు. బోస్టన్ మారథాన్ గురించి చాలామంది వినే ఉంటారు. అక్కడ 32వ కిలోమీటరు తరువాత వచ్చే హార్ట్‌బ్రేక్ హిల్ ఎత్తు ముప్పై మీటర్లు కూడా ఉండదు. కానీ మొదటి గంటల్లో ఎత్తు నుంచి దిగుతూ వచ్చిన తొడలు అప్పటికే అలసిపోయి ఉంటాయి కాబట్టి అంత చిన్న ఎత్తే అంత పేరు తెచ్చుకుంది.

అదృష్టవశాత్తు కండరం త్వరగా నేర్చుకుంటుంది. ఒకసారి కొద్దిపాటి దిగుడు పరుగు చేస్తే, తరువాత కొన్ని వారాలపాటు అదే పని మళ్లీ చేసినప్పుడు నొప్పి స్పష్టంగా తక్కువగా ఉంటుంది. కాబట్టి మందు మోతాదులా కొంచెం కొంచెంగా ఇవ్వాలి. నాలుగైదు వారాలు నడుస్తూ దిగిన తరువాత, ఎత్తులు చేసే రోజున చివరి రెండింటిలో మాత్రం మెత్తగా పరుగెత్తుతూ దిగండి. మర్నాడు మెట్లు దిగడానికి ఇబ్బంది లేకపోతే తరువాతి వారం మూడింటికి పెంచండి. ఇబ్బంది ఉంటే పెంచవద్దు. కైలాసగిరి పైనుంచి కిందిదాకా ఒకే ఊపున దిగడం మొదటి నెలలో మీకు తగదు. ప్రతి ఆదివారం మీ గ్రూపులో ఇప్పుడు జరుగుతున్నది అదే.

దిగే తీరు గురించి కూడా చెప్పాలి. భయం వల్ల అందరూ వెనక్కి వాలి, కాలు ముందుకు చాచి, మడమతో బ్రేకు వేసినట్టు అడుగు వేస్తారు. ఆ అడుగులో మోకాలు దాదాపు నిటారుగా ఉండిపోతుంది కాబట్టి అదురంతా దాని మీదే పడుతుంది. అడుగును పొట్టిగా, త్వరగా వేయండి. పాదం శరీరం కిందనే పడాలి, మోకాలు కొద్దిగా వంగి ఉండాలి, శరీరం వాలుతో పాటు కొద్దిగా ముందుకే ఉండాలి. వేగం చేయి దాటుతోందనిపిస్తే అడుగు పొడవు తగ్గించాలే గానీ వెనక్కి వాలకూడదు.

తొడలు పట్టేయడం వేరు, కీలు నొప్పి వేరు. తొడ ముందు భాగమంతా, రెండు కాళ్లలోనూ సమానంగా నొప్పిగా ఉండి మూడు నాలుగు రోజుల్లో తగ్గిపోతే భయపడవలసిన పని లేదు. మోకాలి చిప్ప చుట్టూ లేదా వెనక నొప్పి ఉండి, మెట్లు దిగేటప్పుడూ, ఎక్కువసేపు మోకాళ్లు మడిచి కూర్చుని లేచేటప్పుడూ అది పెరిగితే మాత్రం దిగుడు పరుగు వెంటనే ఆపి, ఎక్కడం మాత్రమే కొనసాగించండి. మోకాలికి బయటి పక్కన ఒకే చోట సూదితో గుచ్చినట్టుగా, ప్రతిసారీ ఇంచుమించు ఒకే దూరం తరువాత మొదలయ్యే నొప్పికి కూడా ఇదే వర్తిస్తుంది. మడమ వెనకనున్న అకిలిస్ స్నాయువు (పిక్కను మడమకు కలిపే బలమైన పట్టీ) ఉదయం లేవగానే బిగుసుకుని ఉంటే పరిస్థితి దీనికి తలకిందులు, అప్పుడు ఎక్కడమే తగ్గించాలి. ఏ నొప్పి అయినా రెండు వారాలు దాటినా, మోకాలు వాచినా, బిగిసిపోయినట్టు లేదా పట్టుతప్పుతున్నట్టు అనిపించినా ఎముకల వైద్యుణ్ణి గానీ ఫిజియోథెరపిస్ట్‌ను గానీ కలవండి. నొప్పి మాత్ర వేసుకుని కొండకు వెళ్లే అలవాటు మన గ్రూపుల్లో కొందరికి ఉంది, అది ఎంతమాత్రం మంచిది కాదు.

ఇంట్లో చేయదగిన వ్యాయామాల్లో నేను ముందుగా చెప్పేది ఒక మెట్టు మీద నుంచి ఒంటికాలితో నెమ్మదిగా, మూడు సెకన్లు తీసుకుంటూ, రెండో కాలి మడమ నేలను తాకేదాకా దిగడం. అద్దం ముందు చేస్తూ, మోకాలు లోపలికి పోకుండా చూసుకోండి. దీనితో పాటు పిక్కల కోసం ఒంటికాలి మీద మడమ ఎత్తడం. వారానికి రెండుసార్లు ఈ రెండూ శ్రద్ధగా చేస్తే మిగిలినవి తరువాత చూసుకోవచ్చు.

సమాధానం 3 (పెదవాల్తేరు నుంచి)

శిక్షణ గురించి పెద్దలు చెప్పారు కాబట్టి నేను స్థలం, వాతావరణం, రోడ్డు గురించి మాత్రమే చెబుతాను. విశాఖలో ఉన్నవారికి కొండ వెతుక్కోవలసిన అవసరం లేదు. ఒకవైపు కైలాసగిరి, మరోవైపు యారాడ, వెనక సింహాచలం, భీమిలి దారిలో తొట్లకొండ. కానీ ప్రతి కొండా ప్రతి పనికీ పనికిరాదు.

ఈల పద్ధతికి కావలసింది పొట్టిగా, నేరుగా, ఒకే తీరుగా ఎక్కే రోడ్డు. దానికి ఘాట్ రోడ్డే అక్కరలేదు, వాహనాలు తక్కువగా తిరిగే కాలనీ ఎత్తు అయినా సరిపోతుంది. తొట్లకొండకు బీచ్ రోడ్డు నుంచి ఎక్కే దారి దీర్ఘమైన, నిలకడైన ఎత్తుకు బాగుంటుంది. కానీ అది బౌద్ధ అవశేషాలున్న రక్షిత స్థలం కాబట్టి అనుమతించే వేళల్లోనే వెళ్లాలి, శిథిలాల మీద కాలు పెట్టకూడదు, సీసాలు, పొట్లాలు వదిలి రాకూడదు. కంబాలకొండ అభయారణ్యం అటవీ శాఖ అధీనంలో ఉంది. అక్కడ కూడా వారు అనుమతించిన వేళల్లో, అనుమతించిన దారిలోనే. చీకటితో గుంపుగా అడవిలోకి పరుగెత్తడం వన్యప్రాణులకూ మనకూ క్షేమం కాదు. యారాడ వెళ్లే ఘాట్ రోడ్డు నిటారుగా ఉండి అందంగా ఉంటుంది, మలుపులు మాత్రం గుడ్డివి. అనుభవం ఉన్నవారు కూడా అక్కడ వెలుగు వచ్చాకే పరుగెత్తాలని నా అభిప్రాయం.

సింహాచలం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కొండ కింద మెట్ల దారి మొదలయ్యే తొలిపావంచా నుంచి పైకి వెయ్యికి పైగా మెట్లున్నాయి, శిక్షణకు బాగుంటాయని కొన్ని గ్రూపులు ఆ మాట ఎత్తుతుంటాయి. అవి మొక్కుబడితో భక్తులు చెప్పులు లేకుండా ఎక్కే మెట్లు. ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ ఎక్కే ఆడవారు ఉంటారు. వారి మధ్య బూట్లతో, గడియారం చూసుకుంటూ పరుగెత్తడం నాకు ఏమాత్రం నచ్చదు. స్వామిని దర్శించుకోవడానికి మెట్ల దారిన నడిచి వెళ్లండి, కాళ్లకు కావలసిన మేలు అందులోనే జరుగుతుంది. శిక్షణ పరంగా చూసినా మెట్టు ఎత్తూ వెడల్పూ మన అడుగును నిర్ణయిస్తాయి కాబట్టి రోడ్డు వాలు మీద వచ్చే పరుగు తీరు మెట్ల మీద రాదు. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు మొదలయ్యే 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణలో పాల్గొనే సభ్యులు మీ గ్రూపులో ఉంటే, ఆ వారం వారికి కొండ శిక్షణ వద్దు. తారు రోడ్డు మీద రాత్రంతా చెప్పులు లేకుండా నడిచిన కాళ్లకు కనీసం వారం రోజులు తేలికపాటి పరుగు మాత్రమే మంచిది.

మన ఊరి గాలిలో తేమ ఎక్కువ. చెమట కారుతుంది గానీ ఆరదు, చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. చదును మీద పరుగెత్తేటప్పుడు కనీసం మన వేగమే కొంత గాలిని ఇస్తుంది. ఎక్కేటప్పుడు వేగం తగ్గి ఆ గాలి కూడా ఉండదు, శరీరంలో పుట్టే వేడి మాత్రం ఎక్కువవుతుంది. పైగా సముద్రపు గాలికి కొండ అడ్డువచ్చే పక్కన ఉక్క మరీ ఎక్కువ. అందుకే ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు ఎత్తుల సంఖ్య తగ్గించి, విశ్రాంతి పెంచాలి. మే, జూన్ నెలల్లో ఇక్కడ 5:30 లోపే సూర్యుడు ఉదయిస్తాడు కాబట్టి ఆ సమయానికి కష్టమైన భాగం పూర్తికావాలి. నీటితో పాటు ఉప్పు కూడా అవసరం. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ గానీ, పొట్లం మీద రాసిన కొలతలో కలిపిన ఓఆర్ఎస్ గానీ పరుగు తరువాత తీసుకోవచ్చు. చలిగా, వణుకుగా అనిపించినా, మాట తడబడినా, తల తిరిగినా ఆ వ్యక్తిని వెంటనే నీడకు చేర్చి, నీళ్లు పోసి చల్లబరచాలి, తేరుకోకపోతే ఆలస్యం చేయకుండా 108కు ఫోన్ చేయాలి.

రోడ్డు మీద ఎదురు వాహనాలు కనిపించేలా కుడి పక్కన పరుగెత్తాలనేది సాధారణ నియమం. ఘాట్ రోడ్డులో కుడివైపు తిరిగే గుడ్డి మలుపు దగ్గర మాత్రం లోపలి అంచున ఉన్న మనం దిగివచ్చే వాహనానికి ఆఖరి క్షణం దాకా కనిపించం. అలాంటి చోట మలుపుకు చాలా ముందుగానే, రెండు వైపులా చూసి, బయటి అంచుకు మారాలి. ఇంజను ఆపేసి చప్పుడు లేకుండా దిగివచ్చే ద్విచక్ర వాహనాలు నిజమైన ప్రమాదం. అందుకే చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు, వెలుగు పడితే మెరిసే జాకెట్టు తప్పనిసరి, ఇద్దరికి మించి పక్కపక్కన వద్దు. గ్రూపులో అందరికంటే వెనక ఒక అనుభవజ్ఞుడు స్వీపర్‌గా ఉండాలి, ఆయన వెనక ఎవరూ మిగలకూడదు. అందరి ఇంటివారి ఫోన్ నంబర్లు ఆయన దగ్గర ఉండాలి. మీ ఇంట్లో వారి ఆందోళనకు నిజమైన సమాధానం ఇదే.

ప్రశ్న అడిగినవారు

ఇంత ఓపికగా రాసిన ముగ్గురికీ నా హృదయపూర్వక కృతజ్ఞతలు. ఈల పద్ధతి గురించి మా నిర్వాహకులకు చెప్పాను, వారు సంతోషంగా ఒప్పుకుని వచ్చే ఆదివారం ప్రయత్నిద్దామన్నారు. వేగంగా పరుగెత్తే సభ్యులు కూడా పైన నిలబడి చల్లబడిపోవడం వారికీ ఇబ్బందిగానే ఉండేదని అప్పుడు చెప్పారు. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. పందేనికి ఎన్ని రోజుల ముందు కొండను ఆపాలి? మా గ్రూపులో అరవై దాటిన పెద్దలు ముగ్గురున్నారు, ఒకరికి రక్తపోటుకు మందులు కూడా ఉన్నాయి. వారిని ఈ ఎత్తులలో చేర్చవచ్చా?

సమాధానం 1 రాసిన నిర్వాహకుడు

ఆపడం గురించి నేను చెబుతాను. గట్టిగా చేసే చివరి కొండ శిక్షణ పందేనికి రెండు వారాల ముందు ఉండాలి. ఆ తరువాత మిగిలిన రోజుల్లో కావాలంటే ఒకసారి నాలుగు చిన్న ఎత్తులు, 20 సెకన్ల చొప్పున, కాళ్లు చురుకుగా ఉండటానికి మాత్రమే. దిగుడు పరుగును అంతకంటే ముందే, మూడు వారాల ముందే ఆపడం మంచిది. ఫిజియోథెరపిస్ట్ గారు చెప్పినట్టు కండరం నేర్చుకున్నది కొన్ని వారాలు నిలుస్తుంది కాబట్టి మీరు ఏమీ కోల్పోరు. వారానికి ఒక్క కొండ రోజు చాలు, ఆ మర్నాడు విశ్రాంతి. వారంలో మరొక రోజు వేగపు శిక్షణ కూడా ఉంటే రెండింటి మధ్య కనీసం రెండు రోజుల ఎడం ఉండాలి. మీ గ్రూపు ఆదివారమే దూరపు పరుగు కూడా పెట్టుకుంటున్నట్లయితే కొండను వారం మధ్యకు మార్చమని అడగండి, రెండూ ఒకే రోజున వద్దు.

సమాధానం 2 రాసిన ఫిజియోథెరపిస్ట్

పెద్దల గురించి. రక్తపోటు మందులు వాడుతున్నవారు కొండ మొదలుపెట్టే ముందు తమ వైద్యుణ్ణి అడిగి తీరాలి. కొన్ని మందులు గుండె వేగాన్ని పెరగనివ్వవు కాబట్టి గడియారం చూపే అంకెలు వారి విషయంలో అసలే పనికిరావు, కొన్ని మందులు ఒంట్లో నీటిని తగ్గిస్తాయి కాబట్టి ఉక్క రోజుల్లో తల తిరిగే ప్రమాదం ఎక్కువ. వైద్యుడు సరేనంటే ఈల పద్ధతిలో వారిని నిస్సందేహంగా చేర్చుకోండి. ఆ 60 సెకన్లూ వారు చురుగ్గా నడవవచ్చు, అప్పుడు కూడా అందరితో పాటే బయలుదేరి అందరితో పాటే గీత దగ్గరకు చేరతారు. నడిచే సమయంలో పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత శ్రమ వారికి చాలు. ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, ఎప్పుడూ లేనంత ఆయాసం ఉంటే అక్కడితో ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. ‘కొంచెం గ్యాస్ పట్టింది’ అని వారు తోసిపుచ్చినా మీ స్వీపర్ ఒప్పుకోకూడదు. ఈ మాట మొదటి ఆదివారమే, బయలుదేరే ముందు, అందరూ గీత దగ్గర నిలబడి ఉన్నప్పుడు చెప్పించండి.